ఉరకకుండా కూర్చున్న పూట

మా బాపు పోయిన పూట నేను డాక్టర్ కోసం ఉరకలేదు. ఈ మాట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పుకోవడం మంచిది. కేసముద్రంలో మా వాడలో ఇప్పటికీ కొందరు, "సదువుకున్న బిడ్డ, పక్కకు కూసోని సూసుకుంట ఉన్నది గని లేవలే" అంటారు. సూదులిచ్చే ఆర్.ఎం.పి. డాక్టరైతే నా ముఖం మీదే, "ఒక్క మాట చెప్తే వచ్చేటోణ్ణి గద, టీచరమ్మా" అన్నాడు. నిజమే, వచ్చేవాడే. నేను చెప్పలేదు, కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఎంత కష్టపడితే వచ్చిందో వాళ్లెవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు నన్ను ఎరిగినవాళ్లకు నేను కూర్చున్నానంటేనే నమ్మబుద్ధి కాదు. పాలు పొంగకముందే పొయ్యి దగ్గరికి చేరేదాన్ని, బస్సు ఆగకముందే మెట్టు మీదికి దిగేదాన్ని. జనగామలో నేను లెక్కలు చెప్పే బడిలో పిల్లలు నన్ను చాటుగా ఎక్స్‌ప్రెస్ మేడం అనేవారు. ఆ పేరు విన్నప్పుడు నాకు కోపం రాలేదు, పైగా కొంచెం గర్వమే అనిపించింది. పని కనబడితే లేవాలి, లేచినవాళ్లే మనుషులు అని నా నమ్మకం. అది బాపు దగ్గర నేర్చుకున్నదేనని అనుకునేదాన్ని.

బాపు రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేశాడు. రోజూ పొద్దున భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకుని పట్టాల వెంట కొన్ని కిలోమీటర్లు నడవడం ఆయన పని. ఆ దూరాన్ని బీటు అంటారు. పట్టాను పట్టి ఉంచే ఇనుప చావీలు రైళ్ల అదురుకు వదులైపోతుంటాయి. ఒక్కో దాన్నీ సుత్తితో కొట్టి బిగించాలి. గట్టిగా ఉన్న చావీ ఒక తీరుగా మోగుతుంది, వదులైంది ఇంకో తీరుగా మోగుతుంది. బాపు చెవికి ఆ తేడా తెలుసు. దెబ్బ దెబ్బకూ "ప్రభువా" అనడం ఆయన అలవాటు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎన్ని దెబ్బలో అన్ని ప్రార్థనలు. రిటైరయ్యాక మా చర్చిలో పెద్దగా ఉన్నాడు. ఎవరు చావుబతుకుల్లో ఉన్నా బాపును పిలిచేవారు. మంచం పక్కన నిలబడి, భయపడొద్దని చెప్పి, పాట ఎత్తుకుని వచ్చేవాడు.

అలాంటి మనిషికి భయం పట్టుకుంది. గుండె బలం తగ్గిందని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని వరంగల్ డాక్టర్ చెప్పాడు. నీరు చేరినప్పుడు సూది వేస్తే దిగుతుంది, ఒకరోజు ఆ సూదికి కూడా దిగదు, ఆ రోజు ఎప్పుడో చెప్పలేను అన్నాడు. బాపు ఆ మాట విని తల ఊపాడు. ఇంటికొచ్చాక మాత్రం నేను గదిలో నుంచి అడుగు బయట పెడితే చాలు, "ఎటు పోతున్నవ్?" అనేవాడు. నీళ్లకు పోయినా అదే, బట్టలు ఆరేయడానికి పోయినా అదే. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చూసుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు. మొదట్లో నాకు జాలి వేసింది, తర్వాత విసుగొచ్చింది. ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి ఇంత పిరికివాడా అని కూడా అనుకున్నాను. ఆ మాట పైకి అననందుకు ఈరోజుకీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

అవి తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టిన రోజులు. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు, బొగ్గు బావులు ఆగిపోయాయి. సమ్మె లేకపోతే జనగామ నుంచి నేను అన్ని రోజులు వచ్చి ఉండేదాన్నే కాదు. ఇంట్లో పిల్లలను మా ఆయనకు అప్పగించి, ఇంకా రైళ్లు నడుస్తున్నాయి కాబట్టి ఒక సంచి సర్దుకుని కేసముద్రంలో దిగాను. భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేసే బాపు తమ్ముడికి, మా చిన్నాయినకు నేనే ఫోన్ చేశాను.

బాపుకూ చిన్నాయినకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇద్దరికీ చిన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించింది మా నాయనమ్మ. చిన్నాయిన బావిలో పనికి చేరాక అక్కడి కార్మికులతో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. నాయనమ్మ సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే అందరం తలవంచాం, చిన్నాయిన మాత్రం తల ఎత్తుకునే నిలబడ్డాడు. "తల్లి మట్టి దగ్గర గూడ నీకు పట్టింపేనా" అని బాపు, "నమ్మనిదానికి తల వంచితే అవ్వను మోసం జేసినట్టు" అని చిన్నాయిన మాటా మాటా అనుకున్నారు. గడప ఎక్కవద్దని బాపు ఆ రోజే అన్నాడు.

చిన్నాయిన ఎవరిదో మోటార్ సైకిల్ వెనక కూర్చుని నర్సంపేట మీదుగా వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు. బాపు మంచంలోంచి చూసి, "ఆడ నిలబడ్డవేంది తమ్మీ, లోపటికి రా. సచ్చేటోనితోని పంచాది పెట్టుకుంటవా?" అన్నాడు. చిన్నాయిన చెప్పులు విడిచి లోపలికి వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు సమ్మె గురించే మాట్లాడుకున్నారు.

మరునాడు బాపు భయం సంగతి చిన్నాయిన కంట పడింది. చిన్నాయిన ప్రతి పొద్దూ చాప మీద కూర్చుని కళ్లు మూసుకునేవాడు. నాకు చావు తప్పదు అని పళ్లు తోముకున్నంత మామూలుగా ఒకసారి అనుకుని, తర్వాత ఊపిరిని చూస్తూ ఉండేవాడు. అదే బాపుకు నేర్పబోయాడు.

"అన్నా, ఏం జెయ్యకు. ఊపిరి వస్తంది, పోతంది. దాన్నే సూసుకుంట ఉండు."

బాపు కళ్లు మూసుకున్నాడు. రెండు నిమిషాలు కాకముందే మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. ముఖం నిండా చెమట.

"నాకు అందనిదే ఊపిరి తమ్మీ. గదాన్ని సూడుమంటే ఎట్ల?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఊపిరాడని మనిషికి ఊపిరిని చూడమనే వైద్యం ఎక్కడుంటుంది అని గట్టిగానే అడిగాను. చిన్నాయిన చిన్నబుచ్చుకోలేదు. కాసేపు బాపునే చూస్తూ కూర్చున్నాడు. బాపు చూపుడు వేలు మంచం పట్టెను కొడుతోంది. టక్. పెదవులు కదిలాయి. మళ్లీ టక్. ఆ వేలు అలా కొడుతుందని నాకు ముందునుంచీ తెలుసు. కుదురులేక కొట్టుకుంటోంది అనుకున్నాను. చిన్నాయినకు మాత్రం అది వేరేగా కనిపించింది.

"నువ్వు ఏం జేస్తున్నవ్ అన్నా?"

"ఏం లేదు. చావీలు కొడుతున్న."

"నోట్ల ఏమంటున్నవ్?"

"ప్రభువా అంటున్న. ఇంకేమంట?"

చిన్నాయిన మంచానికి దగ్గరగా జరిగాడు. బావిలో తామూ అదే పని చేస్తామని చెప్పాడు. పనిలోకి దిగగానే ఇనుప గడతో పైకప్పును కొట్టి వింటారట. గట్టి బొగ్గు కంగుమంటుంది, వదులుది బోలుగా పలుకుతుంది. "కొత్తగ వచ్చినోడు సప్పుడైతే సాలు ఉరుకుతడు. పాతోడు కొట్టి, విని, అప్పుడు ఉరుకుతడు. అన్నా, ఊపిరి ఇడిచిపెట్టు. గా చావీలే కొట్టు. కొట్టినప్పుడు సప్పుడు వస్తది, జరసేపు ఉంటది, పోతది. పోయేదాక ఇను. పోయినంక ఇంకోటి కొట్టు."

"ప్రభువా అనొద్దా?"

"అను. నేనెందుకు అడ్డమొస్త?"

అలా మొదలైంది. టక్, ప్రభువా, చప్పుడు పోయేదాకా వినడం, మళ్లీ టక్. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. బాపు దాన్ని ప్రార్థన అన్నాడు, చిన్నాయిన ధ్యానం అన్నాడు, ఆ పేరు కోసం మాత్రం ఇద్దరూ కొట్లాడుకోలేదు. బాపు ముఖం కొంచెం తేటపడింది. కానీ నేను తలుపు దాటితే, "ఎటు పోతున్నవ్?" అన్న ప్రశ్న పోలేదు.

దాని వెనక ఏముందో రైల్ రోకో మొదటి రోజున తెలిసింది. ఆ పొద్దున డప్పులతో, జెండాలతో జనం స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నారు. మా ఇంటి వెనకే లైను. బాపుకు గడియారం అక్కర్లేదు, ఏ బండి ఎప్పుడు పోతుందో వినే లెక్క కట్టేవాడు. ఆ రోజు ఏ బండీ పోలేదు. చాలాసేపు చెవి పెట్టి విన్నాక కాళ్లు మంచం కిందికి దించాడు.

"లైను ఖాళీగున్నది. నన్ను నా బీటుకు తీస్కపోండి."

నేను ససేమిరా అన్నాను. డాక్టర్ మంచం దిగవద్దన్నాడని, దారిలో ఏమన్నా అయితే ఎట్లా అని అరిచాను. బాపు నా మాట వినకుండా చేతికర్ర అందుకున్నాడు. "నాకు ఒక పని ఉన్నది. బండ్లు నడిస్తే ఆడ కూసోనియ్యరు. మల్ల గిట్ల ఖాళీ ఎప్పుడైతదో నేనెప్పుడు పోతనో" అన్నాడు. చిన్నాయిన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం.

మా ఇంటి నుంచి ఆ చోటికి అర కిలోమీటరు కూడా ఉండదు. మాకు పొద్దంతా పట్టింది. స్లీపరు మీద అడుగు వేయడం, నిలబడడం, మళ్లీ అడుగు. ఊపిరి ఎగపోసినప్పుడు పట్టా మీదే కూర్చునేవాడు. చేతికర్రతో పట్టాను కొట్టి వినేవాడు. పట్టాల కింద వాన నీళ్లు పోయే ఒక చిన్న మోరీ దాటాక తుమ్మచెట్ల దగ్గర ఆగి, కంకర మీద కూర్చున్నాడు. ఊపిరి కుదురుకున్నాక చెప్పడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు, పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

అప్పటికి నేను పుట్టలేదు. బాపు కొత్తగా కీమ్యాన్ అయ్యాడు. బీటు తిరుగుతుంటే ఇదే చోట ఒక పడుచువాడు పడి ఉన్నాడు. నడిచే బండి తలుపులోంచి పడ్డట్టున్నాడు. నడుము కింద ఏమీ మిగల్లేదు, ప్రాణం మాత్రం ఉంది. వాడు బాపు చెయ్యి పట్టుకుని, "అన్నా, పోకు" అన్నాడు. ఫోన్ ఉండేది రైలు గేటు దగ్గర, అది ఇక్కడికి ఎంతో దూరం. ఇలాంటప్పుడు వెంటనే కబురు చేయాలన్నది రూలు. "ఇప్పుడే వస్త" అని చెప్పి, చెయ్యి విడిపించుకుని బాపు ఉరికాడు. స్టేషన్‌కు చెప్పి, మళ్లీ ఉరికి వచ్చాడు. వచ్చేసరికి వాడు చనిపోయి ఉన్నాడు.

"నేను పోయిన దిక్కుకు తల తిప్పి ఉన్నడు" అన్నాడు బాపు. "పేరు గూడ తెల్వదు. ఆఫీసర్లు నన్ను మెచ్చుకున్నరు, ఎంబడే కబురు జేసినవని."

ఇన్నేళ్లలో అమ్మకు కూడా చెప్పలేదట. ఎందరి మంచాల పక్కనో నిలబడి ధైర్యం చెప్పిన మనిషి కడుపులో ఇది పెట్టుకుని తిరిగాడు. పిరికివాడనుకున్నందుకు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చిన్నాయిన మెల్లగా అన్నాడు. "అన్నా, నువ్వు ఆడనే కూసున్నా వాడు సచ్చేటోడే."

"ఎరికె. సచ్చేటోడే. గని నేనుండంగ సచ్చేటోడు."

దూరంగా స్టేషన్ నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. బాపు ప్రార్థన చేయబోయాడు. ఊరందరికీ ప్రార్థన చేసిపెట్టిన నోరు అక్కడ పెగల్లేదు. "తమ్మీ, నీది ఏదో ఉన్నది గద. గది జెయ్యి" అన్నాడు. చిన్నాయిన కంకర మీదే కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"పేరు తెల్వని ఆ తమ్మునికి మంచిగుండాలె. వాని కోసం ఎదురుసూసినోళ్లకు మంచిగుండాలె. ఉరికినోనికి మంచిగుండాలె. పోయినోళ్లకు, ఉన్నోళ్లకు, అందరికి మంచిగుండాలె."

బాపు తల వంచి, "ఆమెన్" అన్నాడు. చిన్నాయిన కళ్లు తెరిచి అన్న వైపు చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మోరీ మీద కూర్చుని బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డ, నాకు సావంటే అంత భయం లేదు. ప్రభువు దగ్గరికే పోత. గని పక్కపొంటి ఎవ్వలు లేకుంట పోవుడంటే భయం. వాడు సూసినట్టు నేను దర్వాజ దిక్కు సూసుకుంట పోవద్దు. నా ముచ్చట వచ్చిననాడు నువ్వు ఉరకొద్దు. కూసో."

"సరే బాపు, కూసుంట" అన్నాను వెంటనే.

"ఊకె అంటే వచ్చేది గాదు" అన్నాడు చిన్నాయిన. "నువ్వు పుట్టుడే ఉరికొచ్చినవ్. నేర్వాలె."

మరునాటి నుంచి నాకూ చాప పడింది. బాపు చావీలు కొట్టే గంటసేపు నేను మంచం పక్కన కూర్చోవాలి, ఆయన వేలు ఆగేదాకా లేవకూడదు. ఇంతకన్నా తేలిక పని ఏముంటుంది అనుకున్నాను. మొదటి రోజు పాలు గుర్తొచ్చి లేచాను. రెండో రోజు ఎవరో తలుపు కొట్టినట్టనిపించి లేచాను, బయట ఎవరూ లేరు. మూడో రోజు ఏ కారణమూ లేకుండా లేచి, నడవలో నిలబడి, ఎందుకు లేచానా అని ఆలోచించాను. చిన్నాయిన రోజూ ఆటపట్టించేవాడు. "ఇయ్యాల ఏం పొంగింది, టీచరమ్మా?" నాకు ఒళ్లు మండి, నేను కూర్చుంటే ఇంట్లో పనులెవరు చేస్తారని దెబ్బలాడేదాన్ని. "లేవాలనిపించుడు గూడ చావీ సప్పుడు అసొంటిదే. వస్తది, ఉంటది, పోతది. పోయేదాక ఇను" అనేవాడాయన. కొన్ని రోజులకు నిజంగానే విన్నాను. లేవాలన్న ఆత్రం ముందు మోకాళ్లలో పుడుతుంది, తర్వాత గుండెలోకి వస్తుంది, పట్టించుకోకపోతే మెల్లగా సద్దుమణుగుతుంది. ఇన్నేళ్లుగా దాన్ని మంచితనం అనుకున్నాను. అందులో సగం భయమేనని అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుంటే చావును చూడాలి. పనిలో ఉంటే చూడక్కర్లేదు.

అయినా మొదటి పరీక్షలో తప్పాను. ఒక మధ్యాహ్నం చిన్నాయిన రోజూలాగే సమ్మె టెంటుకు పోయాడు. బాపుకు ఆయాసం ఒక్కసారిగా ఎక్కువైంది, పెదవులు నల్లబడ్డాయి. నాకు మళ్లీ తెలివి వచ్చేసరికి చెప్పులు లేకుండా వీధి చివర ఉన్నాను. ఆర్.ఎం.పి. డాక్టర్‌ను వెంటపెట్టుకుని వచ్చాను, సూది వేశాడు, ఒక గంటకు నీరు దిగింది. బాపు బతికాడు. నాకు గొప్ప పని చేసినట్టే అనిపించింది.

తేరుకున్నాక బాపు నన్ను తిట్టలేదు. "మంచిగనే ఉరికినవ్ బిడ్డ. నేనైతే అంతసేపు దర్వాజ దిక్కే సూసిన" అన్నాడు. కాసేపాగి, "ఇగ ఇంకోపాలి వద్దు. సూది వద్దు, దవాఖాన వద్దు. ఇది నేను బాగ సోచాయించి చెప్తున్న" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం లేదు. రూలు చెప్పే గొంతు అది. చిన్నాయిన వచ్చాక ఆయన ముందు కూడా అదే మాట చెప్పించుకున్నాను. అప్పుడు నా మనసులో నేనూ గట్టిగా అనుకున్నాను, ఈసారి కూర్చుంటాను అని.

ఆ వారం పాస్టరు గారు ప్రభువు బల్ల ఇవ్వడానికి ఇంటికి వచ్చారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చాక, స్వస్థత కోసం ప్రార్థన చేయబోతే బాపు ఆపాడు.

"అయ్యగారూ, బాగయ్యేటందుకు వద్దు. నా బిడ్డ కూసునేటందుకు ప్రార్థన జెయ్యండి."

పాస్టరు గారికి అర్థం కాలేదు. చిన్నాయిన చాపను చూసి, ఈ ఇంట్లో వేరే ధ్యానాలు నడుస్తున్నాయని సంఘంలో అనుకుంటున్నారని మొహమాటంగా చెప్పారు. బాపు ఒక్కో మాటా ఊపిరి తీసుకుంటూ జవాబిచ్చాడు. "ప్రభువు గూడ సిలువెక్కే ముందటి రాత్రి ఆ తోటల శిష్యులను అడిగింది గిదే గద. జరసేపు నాతోని మెలకువగ ఉండుండ్రి అన్నడు. వాళ్లతోని గాలే, నిద్రవోయిన్రు. నా తమ్ముడు నా బిడ్డకు మెలకువగ ఉండుడు నేర్పుతున్నడు. తప్పా?" పాస్టరు గారు నా తల మీద చెయ్యి పెట్టి, నాకు కూర్చునే బలం ఇమ్మని ప్రార్థించారు. అలాంటి ప్రార్థన నేను అంతకుముందు విననూ లేదు, తర్వాతా వినలేదు.

ఆఖరి పూట పట్టపగలే వచ్చింది. ఆ రోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అందరికీ అక్కడే వండి, అక్కడే తినడం ఉద్యమంలో ఒక తీరు. మా వాడ వాడంతా బియ్యం, గిన్నెలు పట్టుకుని పోయింది. చిన్నాయిన కూడా పోయి, మాకు అన్నం తెస్తానన్నాడు. బొగ్గు లేక కరెంటు రోజులో సగం కూడా ఉండడం లేదు. నా ఫోన్ పొద్దుననే ఆగిపోయింది. మీ బావులు బందుపెట్టి నా ఫోన్ చంపినవ్ అని చిన్నాయినను వేళాకోళం చేసి పంపాను.

ఆయన పోయిన కాసేపటికే బాపు ఊపిరి మారింది. అంతకుముందు లాంటిదే, కానీ ఇంకా ఎక్కువ. గొంతులో నీళ్ల చప్పుడు. నా కాళ్లు అప్పటికే నేల మీద ఆనాయి. ఆర్.ఎం.పి. ఇల్లు ఏడెనిమిది నిమిషాల దూరం. సూది పనిచేస్తుందని నా కళ్లతో చూశాను. ఒక వారం బతకవచ్చు, రెండు వారాలు బతకవచ్చు. లేదా నేను వచ్చేసరికి తల తలుపు వైపు తిరిగి ఉండవచ్చు. ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. లేవాలన్న ఆత్రం మోకాళ్లలో పుట్టింది. అంత బలంగా ఎప్పుడూ పుట్టలేదు. దాన్ని విన్నాను. అది పోలేదు. పోకపోయినా నేను లేవలేదు.

మంచం పట్టె మీద కూర్చుని బాపు తలను నా భుజానికి ఆనించుకున్నాను. అలా నిటారుగా ఉంటే కొంచెం ఊపిరి ఆడుతుంది. "బాపు, నేను ఈడనే ఉన్న" అన్నాను. ఆయన కళ్లు ఒకసారి తలుపు వైపు పోయాయి. తిరిగి నా ముఖం మీదికి వచ్చాయి. వేలు నా అరచేతిలో కొట్టింది. "ప్రభువా" అన్నాను, ఆయన అనలేడని. చప్పుడు లేని దెబ్బే అయినా పోయేదాకా విన్నాను. మళ్లీ కొట్టింది. మళ్లీ అన్నాను. నాకు భయం వేసింది, ఆ సంగతి దాచను. ఎంతసేపని నేను చూడలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం పెరిగింది. ఒక చోట వేలు ఆగింది. అప్పుడు నేను ఆయన అరచేతిలో నా వేలితో కొట్టడం మొదలుపెట్టాను. ఒకటి, ప్రభువా. ఇంకొకటి, ప్రభువా. ఊపిరి ఆగాక కూడా కొన్ని కొట్టాను, బీటు ఎక్కడిదాకా ఉందో నాకు తెలియదు కదా.

పోకు అని ఆయన నన్ను అడగలేదు. అడగాల్సిన పని పడలేదు.

సూది వేయిస్తే బతికేవాడా అంటే, ఆ పూటకు బతికేవాడేమో. నాకు తెలియదు. అది తెలియకుండానే నేను చచ్చేదాకా ఉండాలి, ఉంటాను.

చిన్నాయిన స్టీలు డబ్బా పట్టుకుని గడపలోకి వచ్చాడు. చూడగానే ఆయనకు అర్థమైంది. కేక పెట్టలేదు, ఎప్పుడు, ఎట్లా అని అడగలేదు. గడప దగ్గరే నిలబడి ఒక్క మాట అడిగాడు.

"నడుమల లేచినవా, బిడ్డ?"

"లేవలే, చిన్నాయిన."

ఆయన డబ్బా కింద పెట్టి, మంచానికి అటు పక్క కూర్చుని, బాపు రెండో చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. పాస్టరు గారికి చెప్పాలి, మా ఆయనకు కబురు పంపాలి, రోడ్డు మీదున్న వాడకట్టును పిలవాలి. పనులు చాలా ఉన్నాయి. మేమిద్దరం కాసేపు లేవలేదు.